రాజీనామా ఆమోదించారు సరే, రిలీవ్ చేసింది ఎప్పుడు?

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖలో 2011లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరాను. ఇప్పుడు ఒక తహసీల్దారు కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ని. ఒక ఫైలు కనబడటం లేదని మార్చి 3న పై అధికారి అందరి ముందూ నిలదీసి, ‘చార్జి మెమో తీసుకుంటావా, రాజీనామా రాసిస్తావా’ అన్నారు. ఆ అవమానంలో ‘వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను, వెంటనే ఆమోదించగలరు’ అని కలెక్టరు గారి పేరిట రాసి తహసీల్దారు గారికి ఇచ్చేశాను. మర్నాటి నుంచి మళ్లీ మామూలుగానే డ్యూటీకి వెళ్లాను. మార్చి 17న రాజీనామా ఉపసంహరించుకుంటున్నానని లేఖ ఇస్తే తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. ఆ లేఖ ఫొటోను అదే రోజు తహసీల్దారు గారికి వాట్సాప్‌లో, కలెక్టరేట్‌కు ఈమెయిల్‌లో పంపాను. మార్చి 24న ఆమోద ఉత్తర్వు చేతికిచ్చారు. దాని మీద తేదీ మార్చి 14. రాజీనామా 3వ తేదీ నుంచే అమల్లోకి వచ్చినట్టు అందులో ఉంది. ఆ సాయంత్రమే చార్జి అప్పగించాను. కొత్తగా అపాయింట్‌మెంట్ ఇవ్వమని అర్జీ పెట్టుకోమని తోటివాళ్లు అంటున్నారు. నా ఉద్యోగం తిరిగి వస్తుందా? ఇన్నేళ్ల సర్వీసు పోయినట్టేనా? ఎక్కడికి వెళ్లాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా ఒక్క మాట అమ్మా. కొత్త అపాయింట్‌మెంట్ కోసం అర్జీ పెట్టకండి. ఇప్పటికే రాసి ఉంటే ఇవ్వకండి. ఆ కాగితం మీద సంతకం పెడితే రాజీనామా చెల్లిందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. సర్వీసు నిబంధనల ప్రకారం రాజీనామా చేసినవారు ఆ పోస్టులో చేసిన సర్వీసునే కాదు, అంతకు ముందు ప్రభుత్వంలో చేసిన మొత్తం సర్వీసునూ కోల్పోతారు. తిరిగి తీసుకున్నా కొత్తగా చేరినవారి కిందే లెక్క. పద్నాలుగేళ్ల సీనియారిటీ, ప్రమోషన్ వరస, ఇంక్రిమెంట్లు, గ్రాట్యుటీ లెక్క అన్నీ సున్నా నుంచి మొదలవుతాయి. మీరు అడగాల్సింది వేరు: ‘నా రాజీనామా అమల్లోకి రాకముందే వెనక్కి తీసుకున్నాను, కాబట్టి నేను సర్వీసులోనే ఉన్నాను.’

ఇక అసలు చిక్కు చూద్దాం. ఆమోదం 14న జరిగింది. ఉపసంహరణ 17న ఇచ్చారు. మీకు తెలిసింది, మిమ్మల్ని రిలీవ్ చేసింది 24న. ఈ మూడు తేదీల్లో రాజీనామాకు ప్రాణం పోసేది ఏదన్నదే కేసు.

ప్రభుత్వ న్యాయవాది మొదట చూపేది రాజ్‌కుమార్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. ఒక ఐఏఎస్ అధికారి కేసులో 1968లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. తగిన అధికారి ఆమోదించిన రోజుతో ఉద్యోగం ముగుస్తుందని, ఆ తరవాత ఉపసంహరణ కుదరదని అందులో ఉంది. ఆమోదం సంగతి ఉద్యోగికి ఆలస్యంగా తెలిసినా అది చెల్లుతుందని 2003లో నార్త్ జోన్ కల్చరల్ సెంటర్ కేసులోనూ అదే కోర్టు చెప్పింది. ఈ రెండూ చదివి చాలామంది లాయర్లే పెదవి విరుస్తారు. మీకూ ఎవరో ఒకరు ఈ మాట చెప్పే ఉంటారు.

కానీ రాజ్‌కుమార్ తీర్పును ఆగి చదవాలి. సర్వీసును నడిపే చట్టంలోగానీ నిబంధనలోగానీ దీనికి భిన్నంగా లేనప్పుడే ఆ సూత్రం వర్తిస్తుందని ఆ వాక్యంలోనే ఉంది. మీ విషయంలో భిన్నమైన నిబంధన ఉంది. ఆంధ్రప్రదేశ్ స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్, 1996లో 30వ నిబంధన రాజీనామాకు సంబంధించినది. ఆమోదం ఎప్పటి నుంచి అమలవుతుందో అది మూడు రకాలుగా విడదీసింది. ఉద్యోగి డ్యూటీలో ఉంటే, ఆ ఆమోదాన్ని అనుసరించి విధుల నుంచి రిలీవ్ అయిన తేదీ నుంచి. సెలవులో ఉంటే, ఆమోదం తెలియజేసిన తేదీ నుంచి, లేదా అధికారి అలా ఆదేశిస్తే సెలవు ముగిసిన తేదీ నుంచి. ఈ రెండూ కాని సందర్భాల్లో మాత్రమే ఆమోదం తెలియజేసిన తేదీ, లేదా రాజీనామా ఇచ్చిన రోజుకు ముందు కాకుండా అధికారి నిర్ణయించే మరో తేదీ.

మీరు డ్యూటీలో ఉన్నారు. కాబట్టి మొదటి రకమే వర్తిస్తుంది. 24న రిలీవ్ అయ్యేదాకా రాజీనామా అమల్లోకి రాలేదు. ఉపసంహరణ 17నే అందింది. ఉత్తర్వులో ‘3వ తేదీ నుంచే’ అని వెనక్కి జరపడం మూడో రకానికి ఉన్న అధికారాన్ని మొదటి రకం మీద ప్రయోగించడమే. పైగా 3 నుంచి 24 దాకా మీ చేత పని చేయించుకున్నారు. ఆ ఉత్తర్వులోని అతి బలహీనమైన వాక్యం అది. మీ లాయరు మొదట వేలు పెట్టాల్సింది అక్కడే.

అమలు తేదీకి ముందు రాజీనామా వెనక్కి తీసుకోవచ్చన్న సూత్రం కొత్తదేమీ కాదు. అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు 1977 మే 7న, ఆగస్టు 1 నుంచి అమలయ్యేలా రాజీనామా లేఖ రాసి, జులై 15న వెనక్కి తీసుకున్నారు. గోపాల్ చంద్ర మిశ్రా కేసుగా పేరుపడిన ఆ వివాదంలో ఆ ఉపసంహరణ చెల్లుతుందని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు ఇంకా దగ్గరి కేసు 2005 నాటి శ్రీకంఠ వర్సెస్ భారత్ ఎర్త్ మూవర్స్. అక్కడ 1993 జనవరి 4న రాజీనామా ఇస్తే అదే రోజు ఆమోదించారు. కానీ ఉద్యోగికి సెలవు మంజూరు చేసి, 15న రిలీవ్ చేస్తామన్నారు. ఆయన 8న వెనక్కి తీసుకున్నారు. ఆమోదం అయిపోయినా 15 దాకా యజమాని, ఉద్యోగి సంబంధం తెగలేదు కాబట్టి ఉపసంహరణ చెల్లుతుందన్నారు. 2024 సెప్టెంబరులో వచ్చిన మనోహర వర్సెస్ కొంకణ్ రైల్వే తీర్పు కూడా మీ వైపే ఉంది. ఆమోద పత్రం కార్యాలయంలో అంతర్గత ఉత్తరప్రత్యుత్తరంగానే మిగిలిపోయి, ఉద్యోగి పనితో సంబంధం కొనసాగితే రాజీనామా ముగింపునకు వచ్చినట్టు కాదని కోర్టు చెప్పి, తిరిగి తీసుకోమంది.

కాబట్టి చట్టం మీకు అనుకూలంగానే ఉంది. ఇలాంటి కేసులు పోయేది ఎక్కువగా కాగితాల దగ్గర. 17న ఉపసంహరణ లేఖ ఇచ్చినట్టు, 24 దాకా పని చేసినట్టు మీరు నిరూపించుకోగలగాలి. మిగతా వాదనంతా ఈ రెండింటి మీదే నిలబడుతుంది.

లేఖకు రసీదు లేదన్నారు. ఈమెయిల్ మీ ‘సెంట్’ ఫోల్డరులో తేదీ, సమయంతో సహా ఉందో లేదో చూడండి. దాన్ని తీసేయకండి, దాన్ని మళ్లీ ఫార్వర్డ్ చేసి ఆ ప్రతిని జతపరచకండి. వాట్సాప్ సందేశం ఉన్న ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయించకండి. నీలం టిక్కులు కనబడేలా, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయించండి. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రాన్ని లాయరు చేత రాయించి జతపరచండి. పాత సాక్ష్య చట్టంలోని 65-బి సర్టిఫికెట్ స్థానంలో వచ్చింది ఇదే. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌లో సాక్ష్యం అంత కచ్చితంగా అడగకపోయినా, ‘అసలు లేఖే రాలేదు’ అని వాళ్లు కౌంటరు (జవాబు అఫిడవిట్) వేసినప్పుడు ఇదే ఆదుకుంటుంది.

పని చేసినట్టు రుజువులు మీరు అనుకునే దాని కన్నా ఎక్కువే ఉంటాయి. ఫేస్ రికగ్నిషన్ హాజరు యాప్‌లో 4 నుంచి 24 దాకా మీ ఎంట్రీలు, ఈ-ఆఫీసులో మీ లాగిన్ నుంచి కదిలిన ఫైళ్లు, మీరు ఇనీషియల్ వేసిన నోట్లు, చివరికి మార్చి నెల జీతం బిల్లు. 24 దాకా జీతం కట్టి ఇచ్చి ఉంటే, రిలీవ్ అయిన తేదీ 24 అని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోయినా, హాజరు ఉండి జీతం ఎందుకు ఆపారో వాళ్లే చెప్పుకోవాలి.

వీటిని రాబట్టడానికి సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు ఈ వారమే పెట్టండి. ఒకటి మండల కార్యాలయానికి, రుసుము 5 రూపాయలు. రెండోది కలెక్టరేట్‌కు, 10 రూపాయలు. మండలంలో మీ హాజరు వివరాలు, మార్చి 17 నాటి ఇన్‌వర్డ్ రిజిస్టరు పేజీ, చార్జి అప్పగింత పత్రం అడగండి. కలెక్టరేట్‌లో మీ రాజీనామా ఫైలు నోట్ షీట్లు, ఈ-ఆఫీసులో ఆ ఫైలు ఎవరి దగ్గర నుంచి ఎవరికి ఏ తేదీన ఏ గంటకు కదిలిందో ఆ వివరం, ఉత్తర్వు డిస్పాచ్ నంబరు, తేదీ అడగండి. ‘ఎందుకు’ అని ఒక్క ప్రశ్న కూడా వేయకండి, పత్రాల నకళ్లే అడగండి. కారణాలు అడిగితే అది సమాచారం కిందకు రాదని తిప్పి పంపుతారు. 30 రోజుల్లో రాకపోతే ఆ కార్యాలయంలోనే మొదటి అప్పీలు వేయండి.

నోట్ షీట్లు ఎందుకంటే, రెండు విషయాలు అక్కడే బయటపడతాయి. ఉత్తర్వు మీద 14 అని ఉన్నా ఫైల్లో ఆమోదం ఆ తరవాత జరిగి ఉంటే మీ పని మరింత తేలిక. రెండోది, ఆమోదించింది ఎవరు? రాజీనామాను ఆమోదించాల్సింది నియామక అధికారి. మీ పోస్టుకు ఆయన కలెక్టరు. ఉత్తర్వు మీద డీఆర్వో (జిల్లా రెవెన్యూ అధికారి) గారి సంతకం ఉన్నంత మాత్రాన తప్పు కాదు, ఫైల్లో కలెక్టరు ఆమోదం ఉంటే చాలు. లేకపోతే ఆ ఉత్తర్వుకు కాళ్లే లేవు. అయితే సమాచారం వచ్చేదాకా కోర్టుకు వెళ్లకుండా ఆగకండి. తరవాత అదనపు పత్రాలుగా దాఖలు చేసుకోవచ్చు.

అధికారి బెదిరించి రాయించారన్న మాట గురించి. మీకు జరిగింది అన్యాయమే, ఆ బాధ తక్కువది కాదు. అయినా కేసును దాని మీద నిలబెట్టకండి. ఒత్తిడితో రాయించారని నిరూపించే భారం పూర్తిగా మీ మీద పడుతుంది. సాక్షులు అదే కార్యాలయంలో అదే అధికారి కింద పని చేసేవాళ్లు. లేఖలో ‘వ్యక్తిగత కారణాలు’ అని మీ చేతిరాతే ఉంది. 17 నాటి ఉపసంహరణ లేఖలో బెదిరింపు ప్రస్తావన లేకపోతే, ఇప్పుడు కొత్తగా అల్లారంటారు. ఉంటే మాత్రం దాన్ని ప్రత్యామ్నాయ వాదనగా, చివర్లో, ఏ తేదీన ఎవరు ఏ మాట అన్నారో నాలుగు వాక్యాల్లో చెప్పండి. ముందు 30వ నిబంధన, ఆ తరవాత ఉత్తర్వును వెనక తేదీతో అమలు చేయడం, మూడోది ఉపసంహరణ లేఖను అసలు పరిశీలించకపోవడం, నాలుగోది ఈ ఒత్తిడి. ఈ వరస తలకిందులైతే రిట్ కాస్తా వాస్తవాల వివాదంగా మారి, ‘ఇది ఇక్కడ తేల్చేది కాదు’ అనే దగ్గరికి వెళ్తుంది.

ఇప్పుడు కలెక్టరు గారికి ఒక విన్నపం పంపండి. రెవెన్యూ శాఖ పై అధికారి అయిన సీసీఎల్‌ఏకు (భూ పరిపాలన ప్రధాన కమిషనరు) నకలు పెట్టండి. పొడుగు వద్దు, ఒక పేజీ చాలు. అందులో ఈ మాటలు తప్పనిసరిగా ఉండాలి: ‘మార్చి 3 నాటి నా రాజీనామాను అది అమల్లోకి రాకముందే మార్చి 17న లిఖితపూర్వకంగా ఉపసంహరించుకున్నాను. అప్పటికి నేను విధుల్లో ఉన్నాను. మార్చి 24 దాకా ఎవరూ నన్ను రిలీవ్ చేయలేదు. 30వ నిబంధన ప్రకారం ఆమోదం అమలయ్యే తేదీ రిలీవ్ అయిన తేదీయే. కాబట్టి మార్చి 14 నాటి ఉత్తర్వును రద్దు చేసి, సర్వీసు కొనసాగింపుతో నన్ను విధుల్లోకి తీసుకోవలసిందిగా కోరుతున్నాను. చార్జి అప్పగింత నా ఉపసంహరణ హక్కును వదులుకున్నట్టు కాదు.’ ఆ చివరి వాక్యం మరవకండి. చార్జి అప్పగించిన రోజు ‘అభ్యంతరంతో’ అని రాసి సంతకం పెట్టి ఉండాల్సింది. అది జారిపోయింది కాబట్టి ఇక్కడ చెప్పాలి. కలెక్టరేట్ తపాలా విభాగంలో ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. ఇంకో ప్రతి స్పీడ్ పోస్టులో పంపండి.

‘పనికొస్తాయి’ అని కొందరు పూర్వ తేదీలతో లేఖలు తయారు చేసుకుంటారు. అలాంటి ఆలోచన ఎవరు చెప్పినా వినకండి. ఒక్క కాగితం తేడా దొరికితే ఉన్న నిజమంతా కొట్టుకుపోతుంది.

డబ్బు దగ్గర కూడా జాగ్రత్త. మీరు 2004 సెప్టెంబరు 1 తరవాత చేరారు కాబట్టి సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పింఛను పథకం) కిందకు వస్తారు. ప్రాన్ (పింఛను) ఖాతా నుంచి ఎగ్జిట్ దరఖాస్తు, ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా) పాలసీ సరెండర్, గ్రూప్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ వంటివేవీ ఇప్పుడు పెట్టకండి. ఇవి తీసుకుంటే ‘ఆమె రాజీనామాను అంగీకరించి లెక్కలు తేల్చుకుంది’ అన్న పేరా కౌంటర్లో సిద్ధంగా ఉంటుంది. ఎవరైనా ఫైనల్ సెటిల్‌మెంట్ పేరుతో సంతకం అడిగితే, కేసు తేలాక చూద్దామని రాతపూర్వకంగానే చెప్పండి.

కోర్టు విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ రద్దయింది. తెలంగాణలోనూ అంతే. రాష్ట్ర ఉద్యోగులు నేరుగా హైకోర్టులో రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద రిట్ వేసుకోవాలి. మీకు అమరావతిలోని హైకోర్టు. విన్నపం పంపిన రెండు మూడు వారాల్లో వేసేయండి. గడువు ఇంత అని అంకె లేకపోయినా జాప్యం కేసును చంపుతుంది. విన్నపం మీద విన్నపం పెడుతూ పోతే గడిచిన కాలం తిరిగి రాదని 2008లో సి. జాకబ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రెవెన్యూ శాఖ ప్రిన్సిపల్ సెక్రటరీ, సీసీఎల్‌ఏ, కలెక్టరు, ఆర్డీవో, తహసీల్దారు ప్రతివాదులు. బెదిరించిన అధికారి మీద వ్యక్తిగత ఆరోపణ చేస్తే ఆయన్ను పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. చేర్చకుండా దురుద్దేశం అంటే ఆ వాదన వినరు. మధ్యంతర దరఖాస్తులో ఉత్తర్వు అమలు నిలుపుదల ఒకటి, అది దక్కకపోతే కనీసం మీ పోస్టును ప్రమోషన్‌తోగానీ మరో విధంగాగానీ నింపకూడదన్న ఆదేశం ఒకటి అడగాలి.

ఇక్కడొక పెద్ద గుంట ఉంది. మొదటి రోజే ‘పిటిషనరు విన్నపాన్ని ఎనిమిది వారాల్లో పరిశీలించి నిర్ణయం తీసుకోండి’ అని కేసు ముగించే ప్రతిపాదన రావచ్చు. వినడానికి గెలుపులా ఉంటుంది. తరవాత కలెక్టరేట్ నుంచి ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అని రెండు వాక్యాల ఉత్తర్వు వస్తుంది. మళ్లీ కొత్త రిట్, ఇంకో ఏడాది. మీ కేసులో తేలాల్సింది నిబంధనకు అర్థం. కాగితాలు సరిగ్గా ఉంటే తేదీల మీద తగాదా ఉండదు. అందుకే కౌంటరు తెప్పించి మెరిట్స్ మీదే, అంటే అసలు వాదన మీదే తేల్చమని అడగమని మీ లాయరుకు ముందే చెప్పండి.

పాత జీతం మొత్తం వస్తుందా అంటే, గ్యారంటీగా చెప్పే విషయం కాదు. కొంకణ్ రైల్వే కేసులో తిరిగి తీసుకోమంటూనే, బయట ఉన్న కాలానికి జీతంలో 50 శాతమే ఇచ్చి, ఆ కాలాన్ని పింఛను ప్రయోజనాలకు లెక్కించమన్నారు. మీరు అఫిడవిట్‌లో ఈ కాలంలో మరెక్కడా లాభసాటి ఉద్యోగం చేయడం లేదని రాయాలి. నిజంగా చేస్తుంటే ఎక్కడ, ఎంతకు అన్నది దాచకుండా రాయాలి. ఇంటి ఖర్చుకు చిన్న పని చేసుకోవడం తప్పు కాదు, దాయడమే తప్పు. ఆ మేరకు బకాయి తగ్గుతుంది, ఉద్యోగం మాత్రం పోదు.

తిరిగి చేరాక ఆ ఫైలు విషయమై చార్జి మెమో రావచ్చు. దానికి సిద్ధపడే ఉండండి. 1991 నాటి సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు) కింద అభియోగం, జవాబు, పెద్ద శిక్షకైతే విచారణ, ఆపైన అప్పీలు ఉన్నాయి. మెమోకు జవాబు చెప్పుకునే చోటు ఉంది. మార్చి 3న మీకు దొరకనిది ఆ చోటే.

మీలాంటి పరిస్థితిలో ఉన్న మరికొందరికి రెండు ముక్కలు. 20 ఏళ్ల అర్హ సర్వీసు నిండి, 1980 పింఛను నిబంధనల కిందకు వచ్చేవారు ‘రాజీనామా’ అన్న మాటే రాయకూడదు. 43వ నిబంధన కింద మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ అడగాలి. పేరు వేరైనా ఒకటేగా అనుకుంటే పింఛను పోతుంది. బీఎస్‌ఈఎస్ యమునా పవర్ కేసులో, 20 ఏళ్లు చేసి ఉన్నా సరే రాజీనామా ఇస్తే పాత సర్వీసు పోతుందంటూ 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక ఉద్యోగికి పింఛను నిరాకరించింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే అమల్లోకి వచ్చాక కూడా చిన్న కిటికీ ఉంది. బలమైన కారణాలు, మారిన పరిస్థితులు చూపిస్తే, విరామం 90 రోజులు దాటకపోతే, పోస్టు ఖాళీగా ఉంటే ఉపసంహరణకు అనుమతించవచ్చు. ప్రైవేటు కంపెనీలో చేరడానికి వెళ్లినవారికి అది లేదు. కేంద్ర ఉద్యోగులు కేసు వేయాల్సింది హైదరాబాద్‌లోని క్యాట్ (సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్) బెంచిలో, తుది ఉత్తర్వు నుంచి ఏడాది లోపు.

మీ వైపు తీర్పు వస్తే సర్టిఫైడ్ కాపీ అందిన రోజే జాయినింగ్ రిపోర్టు తయారు చేసి, మర్నాడు పొద్దున్నే తీర్పు నకలుతో కలెక్టరేట్‌లో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. ప్రభుత్వం అప్పీలుకు వెళ్తే 30 రోజుల్లో వెళ్లాలి. అప్పీలూ లేక, పోస్టింగూ ఇవ్వకపోతే కోర్టు ధిక్కార పిటిషనుకు ఏడాదే గడువు, ఆ తేదీని క్యాలెండరులో రాసి పెట్టుకోండి. పోస్టింగ్ ఉత్తర్వు వచ్చినప్పుడు అందులో ‘సర్వీసు కొనసాగింపుతో’ అన్న మాట ఉందో లేదో చూడండి. ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 54-ఏ కింద బయట ఉన్న కాలాన్ని ఎలా లెక్కించారో విడిగా ఉత్తర్వు అడగండి. అది సర్వీసు రిజిస్టరులో ఎక్కాకే మీ ఇంక్రిమెంట్ తేదీ, సీనియారిటీ జాబితాలో మీ స్థానం సరిచూసుకోండి.